మాస్టారూ, ఆ పుస్తకాలు మీరూ తెరిచి చూడండి

ప్రశ్న: మాది ఖమ్మం. హైస్కూల్లో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి మ్యూనిచ్‌లో ఎమ్మెస్ చదువుతోంది. పోయిన ఏడాది స్నేహితులతో కలిసి దగ్గర్లోని డకావ్ క్యాంపు చూసొచ్చింది. అప్పట్నుంచీ హిట్లర్ కాలంలో యూదులు పడ్డ బాధల గురించి, వాళ్లలో బతికి బయటపడ్డవాళ్లు రాసుకున్న పుస్తకాలే వరసపెట్టి చదువుతోంది. ఫోన్ చేస్తే అవే కబుర్లు. వాళ్లమ్మకు ఒకటే టెన్షన్. ఈ పాఠం పదో తరగతి పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పినవాణ్ణి నేను. 60 లక్షల మందిని చంపడం, గ్యాస్ ఛాంబర్లు, న్యూరెంబర్గ్ విచారణ, అన్నీ చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి కదా. 80 ఏళ్ల కిందటి ఏడుపులు ఇప్పుడు చదివితే కొత్తగా తెలిసేదేముంది? పైగా ఏళ్లు గడిచాక గుర్తుచేసుకుని రాసినవాటిని ఎంతవరకు నమ్మొచ్చు? కొన్ని దొంగ కథలని కూడా ఎక్కడో చదివాను. అమ్మాయికి ఏం చెప్పమంటారు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు

సమాధానం:

మాస్టారూ, నమస్కారం. ‘అన్నీ చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి కదా’ అన్నారు. పాఠం చెప్పినవారు కాబట్టి మిమ్మల్నే అడుగుతాను. ఆ చరిత్ర పుస్తకాలు రాసినవాళ్లకు అవన్నీ ఎవరు చెప్పారు?

బెల్జెక్ సంగతి చూడండి. తూర్పు పోలండ్‌లో రైలు పట్టాల పక్కనున్న చిన్న ఊరు. నాజీలు అక్కడొక క్యాంపు పెట్టారు. 1942 మార్చి నుంచి డిసెంబరు లోపల అక్కడ 4 లక్షల 34 వేల మందికి పైగా యూదుల్ని చంపారు. ఈ అంకె చంపినవాళ్లు వేసుకున్న లెక్కే. 1943 జనవరిలో ఎస్సెస్ (నాజీ పార్టీ సాయుధ దళం) అధికారి ఒకడు పంపిన టెలిగ్రామ్‌లో ఉంది. బ్రిటిష్‌వాళ్లు అప్పట్లోనే దాన్ని మధ్యలో పట్టుకున్నారు గానీ, అందులోని అంకెల అర్థమేమిటో తెలిసింది 2000లో, పాత కాగితాల్లో అది మళ్లీ బయటపడ్డాకే. పని అయిపోయాక జర్మన్లు గోతుల్లోంచి శవాలను పైకి తీయించి కాల్పించారు. కట్టడాలు పీకేసి, చెట్లు నాటి, అక్కడొక పొలం పెట్టి మనిషిని కాపలా ఉంచారు. ఆ చోట ఏమీ జరగలేదనిపించాలని.

ఆ క్యాంపు లోపల ఖైదీలుగా ఉండి, యుద్ధం తర్వాత అక్కడి సంగతి చెప్పడానికి ముందుకొచ్చినవాళ్లలో మనకు బాగా తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు హైమ్ హిర్ష్‌మన్. 1946 మార్చిలో లుబ్లిన్ నగరంలో యూదుల చారిత్రక కమిషన్ ముందు సాక్ష్యం మొదలుపెట్టి, మిగతాది మర్నాడు చెబుతానని వెళ్లారు. ఆ రోజే ఆయన్ని చంపేశారు. ఆ తర్వాత ఆయన భార్య వచ్చి, భర్త తనకు చెప్పుకున్నవి రాయించింది.

రెండో ఆయన రుడోల్ఫ్ రెడర్. ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న ల్వివ్ నగరంలో సబ్బుల ఫ్యాక్టరీ నడుపుకునేవారు. 1942 ఆగస్టులో రైలెక్కించి తెచ్చేనాటికి 60 దాటాయి. యంత్రాల పని తెలుసనడంతో కొద్దిమందితో పాటు పక్కకు తీసి, గోతులు తవ్వే పనిలో పెట్టారు. నవంబరు చివర్లో ఇనుప రేకుల కోసం కాపలాతో సొంత ఊరికే తీసుకెళ్లారు. ట్రక్కులో కాపలావాడికి నిద్రపట్టింది. రెడర్ మెల్లగా దిగి నడిచి వెళ్లిపోయారు. ఒకప్పుడు ఆయన ఇంట్లో పనిచేసిన ఆవిడ ఆయన్ని దాచింది. 1946లో ఆయన అనుభవం క్రాకోవ్‌లో చిన్న పుస్తకంగా వచ్చింది.

రైలు దిగినవాళ్లను నిలబెట్టి ఎస్సెస్‌వాడు చేసిన ప్రసంగం అందులో ఉంది. ముందు స్నానం, తర్వాత పని అని వాడు చెప్పగానే జనం ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నారట. పనికైతే చంపరు కదా అని. ఆడవాళ్లను బల్లల మీద కూర్చోబెట్టి జుట్టు తీసేటప్పుడు అర్థమైపోయింది వాళ్లకు. గదిలోకి నెట్టి తలుపు వేశాక లోపల్నుంచి ఒక పిల్లవాడి గొంతు వినిపించిందని రాశారాయన. ‘అమ్మా, నేను బుద్ధిగానే ఉన్నాను కదా. చీకటిగా ఉంది.’

మాస్టారూ, ఈ మాట ఏ టెలిగ్రామ్‌లో దొరుకుతుంది? అటెండెన్స్ రిజిస్టరు తిరగేస్తే ఆ రోజు ఎంతమంది వచ్చారో తెలుస్తుంది, గదిలో ఏం జరిగిందో తెలియదు. బెల్జెక్ గురించి మీ చరిత్ర పుస్తకంలో ఒక పేరా ఉందనుకోండి, అందులో ఖైదీల కళ్లతో చూసిన క్యాంపు లోపలి సంగతి ఉంటే దానికి ప్రధాన ఆధారం ఆ సబ్బుల ఫ్యాక్టరీ పెద్దాయనే. మీ అమ్మాయి చదువుకుంటున్న మ్యూనిచ్‌లోనే 1960లలో బెల్జెక్ కేసు నడిచింది. రెడర్ సాక్ష్యం ఇచ్చారు. చివరికి శిక్ష పడింది ఒక్కడికి, నాలుగున్నరేళ్లు. ఇది కూడా అమ్మాయితో చెప్పండి, తను రోజూ తిరిగే ఊరు కాబట్టి.

ఇక నమ్మకం సంగతి. జ్ఞాపకం పొరపాటు పడదని నేననను, పడుతుంది. దీని మీద ప్రసిద్ధమైన ఉదంతం ఒకటుంది. అమెరికాలోని న్యూహేవెన్‌లో 1979 నుంచి బాధితుల మాటల్ని వీడియోలో రికార్డు చేయడం మొదలైంది. ఒకావిడ తను పోలండ్‌లోని ఆష్విట్జ్ క్యాంపులో ఉండగా ఖైదీలు చేసిన తిరుగుబాటు గురించి చెబుతూ, నాలుగు పొగగొట్టాలు పేలిపోయి మంటలు లేచాయంది. అప్పటిదాకా నీరసంగా మాట్లాడుతున్న మనిషి గొంతులో ఒక్కసారిగా ఊపు వచ్చిందట. తర్వాత అది చూసిన చరిత్రకారులు తలలు అడ్డంగా ఊపారు. 1944 అక్టోబరు 7న ఖైదీల చేతిలో దెబ్బతిన్నది శవాలు కాల్చే కట్టడం ఒక్కటే, నాలుగు కాదు, కాబట్టి ఈమె సాక్ష్యం పనికిరాదన్నారు. ఆవిణ్ణి ఇంటర్వ్యూ చేసిన మానసిక వైద్యుడు డోరీ లాబ్ ఒప్పుకోలేదు. ఆయన కూడా చిన్నతనంలో ఆ మారణకాండ నుంచి బతికి బయటపడ్డవారే. అక్కడ తిరుగుబాటు అనేదే ఊహకు అందని విషయం, అది జరిగిందని ఆమె కళ్లారా చూసి చెబుతోంది, అదీ చరిత్రేనన్నారు.

నన్నడిగితే ఇద్దరివీ సరైన మాటలే. ఎన్ని కట్టడాలన్నది కాగితాల నుంచి తీసుకుందాం. ఆ పేలుడుకు వాడిన మందుగుండును ఆయుధాల ఫ్యాక్టరీలో పనిచేసే యూదు అమ్మాయిలు చిటికెడు చిటికెడుగా బట్టల్లో దాచి బయటికి తెచ్చారు. అందుకు నలుగురిని 1945 జనవరిలో, సోవియట్ సైన్యం రావడానికి మూడు వారాల ముందు, ఉరితీశారు. ఆ మంట దూరం నుంచి చూసిన మరో ఖైదీకి ఎలా కనిపించిందో తెలుసుకోవాలంటే మాత్రం ఆవిడ చెప్పిందే వినాలి.

ఈ నమ్మకం ప్రశ్న కోర్టుల్లో ఏం చేసిందో కూడా చెప్పాలి. పోలండ్‌లో వియెర్జ్‌బ్నిక్ అనే ఊరి యూదులను 1942 అక్టోబరులో ట్రెబ్లింకా చావు క్యాంపుకు తరలించినప్పుడు అక్కడి జర్మన్ పోలీసు అధికారిగా ఉన్నవాడి మీద హాంబర్గ్‌లో కేసు నడిచింది. బాధితులు ఎంతోమంది వచ్చి వాడు ఏం చేశాడో చెప్పారు. 1972లో జడ్జి ఆ సాక్ష్యాలన్నీ నమ్మదగినవి కావని పక్కనబెట్టి వాణ్ణి వదిలేశాడు. ఆ తీర్పు చదివి మండిపోయిన క్రిస్టఫర్ బ్రౌనింగ్ అనే అమెరికన్ చరిత్రకారుడు, అక్కడి పని క్యాంపుల నుంచి బతికి బయటపడ్డ 292 మంది సాక్ష్యాలు సేకరించి పక్కపక్కన పెట్టి చూశాడు. కొన్ని యుద్ధం ముగియగానే చెప్పినవి, కొన్ని దశాబ్దాల తర్వాత చెప్పినవి. వేరే వేరే దేశాల్లో స్థిరపడ్డవాళ్లవి. తేదీల్లో, చిన్న చిన్న వివరాల్లో తేడాలు ఉన్నాయి. అసలు విషయంలో మాత్రం అందరి మాటా ఒక్కచోటికే వచ్చింది, ఏళ్లు గడిచినా చెదరలేదు. ఒక్క పుస్తకం చదివి మొత్తం నమ్మనక్కర్లేదు. కానీ చాలామంది చెప్పినదాన్ని తూచి చూసే పద్ధతులున్నాయి, ఆ పని చేసేవాళ్లున్నారు.

దొంగ కథల మాట నిజమే. మీరు చదివింది బహుశా బింజమిన్ విల్కోమిర్‌స్కీ పేరుతో 1995లో వచ్చిన పుస్తకం గురించి కావచ్చు. పసితనంలోనే క్యాంపుల్లో ఉన్నానని రాసి, బహుమతులు కూడా తీసుకున్నాడు. అసలు అతను స్విట్జర్లాండ్‌లో పుట్టి, అక్కడే దత్తత వెళ్లి పెరిగినవాడు, యూదుడు కూడా కాదు. 1998లో దాన్ని బయటపెట్టింది ఎవరో తెలుసా? ఆష్విట్జ్ నుంచి బతికొచ్చిన తండ్రికి పుట్టిన ఒక స్విస్ విలేకరి. తర్వాత ఆ రచయిత తరఫు సాహిత్య ఏజెన్సీయే ఒక చరిత్రకారుడి చేత విచారణ చేయించింది, పుస్తకాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. ఈ జ్ఞాపకాల విలువ బాగా తెలిసినవాళ్లే దొంగదాన్ని పట్టుకున్నారు. మిగతావాటి మీద నాకు నమ్మకం పెరగడానికి అదొక కారణం.

‘80 ఏళ్ల కిందటి ఏడుపులు’ అన్నారు. ఈ మాట మాత్రం నాకు కష్టంగా తోచింది. మీరు చెడ్డ మనసుతో అనలేదని తెలుసు. కానీ వీళ్లలో చాలామంది ఏడుస్తూ రాయలేదు. ప్రీమో లెవీ ఇటలీలోని టూరిన్ నగరానికి చెందిన కెమిస్ట్. 1944 ఫిబ్రవరిలో ఆష్విట్జ్‌కు పంపేనాటికి 24 ఏళ్లవాడు. ల్యాబ్‌లో ప్రయోగం నోట్ చేసుకున్నంత నింపాదిగా రాశాడు. ఇటలీలోనే ఉన్న ఫోసోలి క్యాంపులో ప్రయాణానికి ముందు రాత్రి ఎవరు ఎలా గడిపారో చెబుతాడు. ఆ ప్రయాణమంటే చావేనని వాళ్లలో చాలామందికి తెలుసు. కొందరు ప్రార్థన చేశారు, కొందరు తాగారు. తల్లులు మాత్రం రాత్రంతా మేలుకుని దారిలోకి తిండి వండారు, పిల్లలకు నీళ్లు పోశారు, సామాన్లు సర్దారు. పొద్దున చూస్తే ముళ్లకంచె నిండా ఆరేసిన పిల్లల బట్టలే. మీరైనా అంతే చేయరా అని అడుగుతాడు మనల్ని. రేపు పిల్లతో పాటు మిమ్మల్ని చంపుతారని తెలిస్తే ఇవాళ దానికి అన్నం పెట్టరా అని.

ఆ రైల్లో 650 మంది. దారిలో ఒక ఇంజినీరు దంపతులు తమ కూతురు ఎమీలియాకు స్నానం చేయించగలిగారు. రైలు నడిపే జర్మన్ డ్రైవరు ఇంజన్ నుంచి గోరువెచ్చని నీళ్లు తీసుకోనిచ్చాడు. దిగగానే ఆ పాపను చంపేశారు. లెవీ లెక్క ప్రకారం క్యాంపు లోపలికి వెళ్లింది 96 మంది మగవాళ్లు, 29 మంది ఆడవాళ్లు. మిగతా 500 పైచిలుకు మందిలో రెండ్రోజుల తర్వాత ఒక్కరూ మిగల్లేదు. మీరు క్లాసులో చెప్పిన 60 లక్షల్లో ఎమీలియా ఒకతె. ఆ పిల్ల చురుకైనదని, ప్రతిదీ అడిగి తెలుసుకునేదని, నవ్వుతూ ఉండేదని మనకు తెలిసింది ఒక తోటి ప్రయాణికుడు గుర్తుపెట్టుకుని రాయబట్టే.

మంచి చేసినవాళ్ల జాడ కూడా ఈ పుస్తకాల్లోనే మిగిలింది. లొరెంజో అనే ఇటాలియన్ తాపీమేస్త్రి అక్కడికి కూలి పనికి వచ్చినవాడు, ఖైదీ కాదు. ఆరు నెలల పాటు రోజూ లెవీకి తన తిండిలో మిగిల్చింది తెచ్చిచ్చాడు. అతుకులేసిన తన స్వెటర్ ఇచ్చాడు. ఇంటికి ఉత్తరం రాసిపెట్టి, జవాబు కూడా తెచ్చాడు. పట్టుబడితే ఏమవుతుందో తెలిసీ చేశాడు, బదులుగా ఏమీ తీసుకోలేదు. అతను పెద్దగా చదువుకున్నవాడు కాదు, తన గురించి తను ఎక్కడా రాసుకోలేదు.

ఇంత రాసిన లెవీని మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. పెద్ద ప్రచురణ సంస్థ వద్దంటే, 1947లో ఒక చిన్న సంస్థ 2,500 కాపీలు వేసింది. అవి కూడా అన్నీ అమ్ముడుపోలేదు. 1958లో, ముందు కాదన్న ఆ పెద్ద సంస్థే మళ్లీ వేశాక గానీ జనం చదవలేదు. క్యాంపులో ఉన్నప్పుడు తనకూ తోటివాళ్లకూ పదే పదే వచ్చిన కల గురించి రాశాడాయన. ఇంటికి చేరినట్టు, జరిగినదంతా చెబుతున్నట్టు, ఎదురుగా కూర్చున్నవాళ్లు వినిపించుకోకుండా వేరే కబుర్లలో పడినట్టు, చెల్లెలు లేచి వెళ్లిపోయినట్టు. మీ అమ్మాయి ఫోన్లో ఈ కబుర్లే చెబుతోందని విసుక్కునే ముందు ఈ కల సంగతి తలుచుకోండి.

1986లో, చనిపోయే ముందు ఏడాది, లెవీ ఇంకో మాట రాశాడు. బతికొచ్చిన మేం అసలైన సాక్షులం కాదు, చిట్టచివరి దాకా వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు, వాళ్ల తరఫున మేం మాట్లాడుతున్నామంతే అని. జ్ఞాపకం ఎలా మారిపోతుందో, పదే పదే చెప్పిన కథ ఎలా గట్టిపడిపోతుందో కూడా ఆ పుస్తకంలో ఆయనే హెచ్చరించాడు. మీరడిగిన ప్రశ్న తనకు తనే వేసుకున్న సాక్షి మాట నేను వింటాను.

డకావ్ చూశాక మీ అమ్మాయికి ఈ పుస్తకాలు ఎందుకు కావలసివచ్చాయో రూత్ క్లూగర్‌ని చదివితే అర్థమవుతుంది. వియెన్నాలో పుట్టి, బాల్యం క్యాంపుల్లో గడిపి, అమెరికాలో జర్మన్ సాహిత్యం ప్రొఫెసర్ అయ్యారు. డకావ్‌లో ఇప్పుడంతా శుభ్రంగా, పద్ధతిగా ఉంది, అక్కడ ఏం జరిగిందో ఊహించుకోవడం మామూలువాళ్ల తరం కాదని కుండబద్దలు కొట్టారు. ఆవిడ తన గురించి రాసిన ఒక ఘట్టం చెబుతాను. 1944 వేసవి, ఆష్విట్జ్-బిర్కెనావ్. పనికి పంపడానికి 15 నుంచి 45 ఏళ్ల ఆడవాళ్లను ఏరుతున్నారు. రూత్‌కు 12. మొదటిసారి అసలు వయసు చెప్పి తిరస్కారానికి గురైంది. తల్లి పోరు పెడితే రెండో వరసలో నిలబడింది. రాసుకునే పనిలో ఉన్న ఒక ఖైదీ యువతి తన చోటు వదిలి దగ్గరికొచ్చి, ‘పదిహేను అని చెప్పు’ అంది గొంతు తగ్గించి. ఎస్సెస్‌వాడు చూసి ‘చిన్నగా ఉందే’ అన్నాడు. ‘గట్టిపిల్ల, కాళ్లు చూడండి, పని చేయగలదు’ అందా యువతి. వాడు సరేనన్నాడు. ఆమె ఎవరో, ముక్కూ మొహం తెలియని పిల్ల కోసం అంత ప్రమాదానికి ఎందుకు సిద్ధపడిందో క్లూగర్‌కు ఎప్పటికీ తెలియలేదు. ఆ రోజు రాసిన కాగితం రేపు ఏ భోషాణంలో దొరికినా అందులో ఉండేది ఒక నంబరు, మహా అయితే ఒక అబద్ధపు వయసు.

ఇవి చదవడమంటే ఈనాటి ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని వెనకేసుకు రావడమేనని అమ్మాయితో ఎవరైనా వాదించవచ్చు. అలాంటిదేమీ లేదు. 1982లో లెబనాన్ మీద యుద్ధం జరిగినప్పుడు లెవీ స్వయంగా ఆ ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించాడు. ఎవరి బాధైనా బాధే అని తెలుసుకోవడానికి ఈ పుస్తకాలు అడ్డం రావు.

ఇక మీరు చేయగలిగిన పని. చదవొద్దని మాత్రం చెప్పకండి. వాళ్లమ్మ భయం అర్థం లేనిదేమీ కాదు, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి రాత్రిపూట ఒంటరిగా చదివితే ఎవరికైనా మనసు బరువెక్కుతుంది. నిద్ర పట్టడం లేదన్నా, క్లాసులు మానేస్తోందన్నా అప్పుడు కొన్నాళ్లు ఆపమని చెప్పండి, యూనివర్సిటీలో కౌన్సెలింగ్ ఉంటే వెళ్లమనండి. అలాంటివి లేకపోతే ఒక పుస్తకానికీ ఇంకోదానికీ మధ్య కాస్త ఎడం ఉంచుకోమంటే చాలు. లెవీ 1963లో రాసిన రెండో పుస్తకం చదివిందో లేదో అడగండి. క్యాంపు నుంచి బయటపడి, ఉక్రెయిన్, రుమేనియాల మీదుగా తొమ్మిది నెలలు తిరిగి తిరిగి 1945 అక్టోబరులో ఇల్లు చేరిన కథ. తిండి, బేరాలు, దొంగతనాలు, పాటలు, మనుషుల చిత్రమైన తీరులు, చాలాచోట్ల నవ్వొస్తుంది. వరసగా క్యాంపు పుస్తకాలే చదివినవాళ్లకు అది తప్పక ఇవ్వాలి. క్లూగర్ పుస్తకం అసలు జర్మన్‌లో రాసింది, అమ్మాయికి భాష వచ్చేసి ఉంటే అందులోనే చదవమనండి.

మీరు లెవీ మొదటి పుస్తకంతో మొదలుపెట్టండి. ఇంగ్లిష్‌లో దొరుకుతుంది, పెద్దది కాదు, అధ్యాయాలు చిన్నవి. వారానికి ఒకటి చొప్పున మీరు ఇక్కడ, అమ్మాయి అక్కడ చదివి, ఆదివారం ఫోన్లో మాట్లాడుకోవచ్చు. తేదీలు, యుద్ధం ఎటు నడుస్తోందో మీరు చెప్పండి, అది మీకు కొట్టిన పిండి. అమ్మాయి చెప్పేటప్పుడు మధ్యలో అడ్డుపడకుండా వినండి. వాళ్లమ్మ కూడా పక్కన కూర్చుని వింటే ఇంకా మంచిది.